పేరు మీద పేరు

1994 జూలై 12, మంగళవారం

జోజి ఇవాళ కూడా మూడు గంటలకే చేతులు కడుక్కున్నాడు. "మోతీనగర్‌లో ప్రార్థన కూటం ఉంది గురువుగారూ. ఫిలోమినా తప్పకుండా రమ్మంది" అన్నాడు. పెళ్లాం రమ్మనగానే పరిగెత్తే మొగుడు కాదు వాడు. క్రిస్మస్‌కీ ఈస్టరుకీ తప్ప చర్చి గుమ్మం తొక్కగా నేను చూడలేదు. ఇది వరసగా నాలుగో మంగళవారం. నలభై దాటాక భక్తి పుట్టకూడదని నేననను. కానీ ప్రార్థనకు వెళ్లేవాడు నా మొహం చూసి చెప్పొచ్చుగా? కుంచెలు కడిగే డబ్బాకేసి చూస్తూ చెప్పాడు.

పందొమ్మిదేళ్లు. మద్రాసులో సినిమా కంపెనీల బళ్లకు నేను పేర్లు రాస్తున్న రోజుల్లో తెనాలి నుంచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. సున్నా చుట్టమంటే కోడిగుడ్డు చుట్టాడు. చేతిలో చెయ్యి వేసి దిద్దించాను. పరిశ్రమ ఇటు తరలి వస్తుంటే వాణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చి, ఫిలింనగర్ నుంచి షేక్‌పేటకు దిగే వాలులో ఈ షాపు పెట్టాను. బోర్డు మీద 'అచ్యుత ఆర్ట్స్' అని నా పేరే ఉంది కానీ షాపు ఇద్దరిదీ అని నోటిమాటగా అనుకున్నాం. కాగితం రాసుకోలేదు. రాసుకోవాల్సిందేమో.

జూలై 14

టీ కొట్టు వీరయ్య నా గ్లాసులో సగమే పోశాడు. జోజి గ్లాసు నిండా పోశాడు. నిన్న కూడా అంతే. ఇవాళ అడిగేశాను.

"ఏందన్నా, గిట్ల గుస్స అయితున్నవ్? గట్లనే పొయ్యమని జోజన్న చెప్పిండు. అయిపోతే మల్ల పోస్త గదా, ఫికర్ ఎందుకు?" అన్నాడు.

నా టీ ఎంత తాగాలో జోజి చెప్పడమేమిటి? షాపులో ఎవరు పెద్దో ఊరికి చాటుతున్నాడన్నమాట. మొదట టీ గ్లాసు, తర్వాత బోర్డు. ఆ సగం టీ కూడా కాస్త చొక్కా మీద ఒలికింది. బెంచీ ఒక కాలు పొట్టి. ఎప్పటి నుంచో బాగుచేయించమంటున్నాను.

జూలై 19, మంగళవారం

జోజి ఎడమ చేతి వేళ్ల మీద బ్లేడు గాట్లు. మూడు. "ఏమైందిరా?" అంటే "కూరగాయలు తరిగానండీ" అన్నాడు. ఫిలోమినా వీణ్ణి వంటింట్లోకి రానిస్తుందా! ఒకసారి పొయ్యి మీద పాలు చూడమంటే గిన్నె మాడ్చి పెట్టాడని ఆవిడే చెప్పింది.

మూడింటికి మళ్లీ వెళ్లిపోయాడు.

జూలై 21

కుంచెలు బాగాలేవు. పాత సరుకు అంటగట్టాడు కొట్టువాడు. వెంట్రుకలు ఒకచోట నిలవడం లేదు. ఈ పెన్ను కూడా అంతే.

జూలై 28

ఎవరో కొత్త డైరెక్టరు మారుతి కారేసుకుని వచ్చాడు. కారు అద్దం మీద తన మొదటి సినిమా పేరు స్టిక్కర్ వెయ్యాలట. "ఇక్కడ స్టిక్కర్లు అంటించరు బాబూ, రాస్తారు" అన్నాను. "ఇప్పుడు అందరూ రేడియమే వేయించుకుంటున్నారండీ, మెరుస్తుంది" అన్నాడు. మెరిసేదే కావాలంటే అద్దానికి జిగినీ కాగితం అంటించుకో, నా దగ్గరికెందుకు? అనేశాను కూడా. వెళ్లిపోయాడు.

జోజి ఆ కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. "ఏరా, నువ్వూ వెళ్తావా?" అన్నాను. "భలేవారే" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మన అక్షరాలన్నీ గుండ్రాలు. వాటిని బ్లేడుతో కోస్తే మూలలు తేలతాయి, బూందీలో రాళ్లు తగిలినట్టు. మద్రాసులో ఒక నిర్మాత నా రాత చూసి, ఈయన రాస్తే బండి ఆగి ఉన్నా నడుస్తున్నట్టుంటుందని అన్నాడు. చెయ్యి ఆనించడానికి కర్ర వాడేవాళ్లు వేరే. నేనెప్పుడూ వాడలేదు. ఇప్పుడూ వాడను.

ఆగస్టు 2, మంగళవారం

ఇవాళ వాడి వెనకాలే వెళ్లాను. సిగ్గుగానే ఉంది రాయడానికి. అరవై ఒక్క ఏళ్లవాణ్ణి, తలకు తువ్వాలు చుట్టుకుని బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. ఎర్రగడ్డలో దిగి, మార్కెట్టు జనంలో వాణ్ణి రెండుసార్లు పోగొట్టుకుని, చివరికి మోతీనగర్‌లో పట్టుకున్నాను.

ప్రార్థన లేదు, కూటం లేదు. శౌరి అని వీళ్ల చుట్టం ఒకడున్నాడు, ఫిలోమినాకు పిన్ని కొడుకు. అతని స్టిక్కర్ల షాపు. రంగు రంగుల షీట్లు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. జోజి ఒక ఆటో వెనక గొంతుకూర్చుని ఉన్నాడు. ఎదురుగా కిళ్లీ కొట్టు చాటున నిలబడి అంతా చూశాను.

ముందు సబ్బునీళ్లు చల్లాడు. షీటు వెనక కాగితం ఒక మూల నుంచి ఊడదీస్తూ, తడి మీద అక్షరాన్ని అటూ ఇటూ జరిపి సరిచూసుకున్నాడు. తర్వాత రబ్బరు చెప్పు ముక్కతో మధ్య నుంచి అంచులకు నీళ్లు తోసుకుంటూ వెళ్లాడు. ఒకచోట బుడగ లేచింది. గుండుసూదితో పొడిచి బొటనవేలితో అదిమాడు. తొందర లేదు, తడబాటు లేదు. చివర్న నాలుగడుగులు వెనక్కి వేసి తల పక్కకు వంచి చూసుకున్నాడు. ఆ తల వంచడం నా దగ్గర నేర్చుకున్నదే. నా దగ్గర నేర్చుకున్నది తీసుకెళ్లి ఎవడి షాపులో పెడుతున్నాడు!

లోపలికి వెళ్లలేదు. వచ్చేశాను.

ఆగస్టు 3

"నిన్న కూటం బాగా జరిగిందా?" అని అడిగాను.

"బాగా జరిగింది గురువుగారూ."

కళ్లు తిప్పకుండా చెప్పాడు ఈసారి. అలవాటైపోయింది.

ఆగస్టు 8, సోమవారం

లీలాకుమారి కంబైన్స్ వాళ్లు కొత్త యూనిట్ వ్యాను కొన్నారు. నీలం రంగు. ప్రొడక్షన్ మేనేజరు బసవపున్నయ్య స్వయంగా తీసుకొచ్చాడు. ఆ కంపెనీకి ఒక పట్టింపు ఉంది. నిర్మాత ఆదినారాయణగారి తండ్రి నాటి నుంచీ వస్తోంది. కంపెనీ పేరు బండి మీద రాయడం పూర్తవగానే అక్కడే చక్రం దగ్గర కొబ్బరికాయ కొడతారు. కొట్టాక ఆ పేరు ఇక గీకకూడదు, చెరపకూడదు, మళ్లీ రాయకూడదు. బండి అమ్మేదాకా అదే. ఒకసారి ఎవడో పేరు గీకి కొత్తగా రాశాడట. ఆ సినిమా మూడోరోజుకే డబ్బాలు వెనక్కి వచ్చాయట. అందుకే వాళ్ల బళ్లన్నీ నా చేతే రాయిస్తారు.

జోజి ముందుకొచ్చి, "ఎండగా ఉంది గురువుగారూ, మీరు కూర్చోండి, నేను రాస్తాను" అన్నాడు. ఎంత ప్రేమ! ఆ కంపెనీ బండి ఒక్కటి చేతికొస్తే చాలు, మిగతా ఫిలింనగరంతా వాడి వెనకాలే వస్తుంది. అది నాకు తెలియదా. "కుంచె ఇలా తే" అన్నాను.

రాశాను. డ్రైవరు ఇంజను పూర్తిగా ఆపాడో లేదో, బండి అదురుతూనే ఉంది. ఈ కొండల మీద ఏ బండీ సమంగా నిలబడదు కూడా. రాయడం అయ్యాక పది అడుగులు వెనక్కి వెళ్లి చూసుకోవడం నా పద్ధతి. ఇవాళ టర్పెంటైన్ వాసనకు తల తిరిగి వెళ్లలేదు. దుర్ముహూర్తం వచ్చేస్తోందని బసవపున్నయ్య గబగబా కొబ్బరికాయ కొట్టేశాడు. కొట్టాక పేరుకేసి చూసి ఏమీ అనలేదు. అనడానికేముంది?

జోజి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. అసూయ.

ఆగస్టు 13, శనివారం

చెక్‌పోస్టు దగ్గర ఆ వ్యాను కనిపించింది.

నా అక్షరాలు లేవు.

అదే నీలం రంగు షీటు పట్టీగా వేసి, దాని మీద తెల్ల స్టిక్కర్ అక్షరాలు అంటించి ఉన్నాయి. 'లీలాకుమారి కంబైన్స్.' లీ గుడిదీర్ఘం ఎలా చుట్టి ఉందో చూడగానే తెలిసింది ఎవరి పనో. పందొమ్మిదేళ్లు దిద్దించినవాడికి తెలియదా? నా రాత మీద వాడి రాత. రోడ్డు మధ్యలో నిలబడిపోతే ఆటోవాడు తిట్టాడు.

ఒళ్లు మండిపోతోంది. ఎవరికి చెప్పుకోను?

ఆగస్టు 14

మా ఆవిడ శేషారత్నానికి చెప్పాను. నా మాట సగంలో ఉండగానే, "ఆ సంగతలా ఉంచండి. ఎర్రగడ్డలో మంచి డాక్టరు ఉన్నాడట, ఒకసారి మీ చెయ్యి చూపించుకోండి" అంది.

నేను నమ్మకద్రోహం గురించి చెబుతుంటే ఈవిడ డాక్టరు అంటుంది. లేచి వచ్చేశాను. మధ్యాహ్నం అన్నంలోకి చెంచా పెట్టింది. నేనేమైనా పసివాణ్ణా? తీసి అవతల పెట్టాను.

ఆగస్టు 18

దొరికాడు.

నేను బయట బల్ల మీద పడుకుని ఉంటే నిద్రపోయాననుకున్నారు. లోపల బసవపున్నయ్య, జోజి.

"ఓపెనింగ్ రోజున ఆదినారాయణగారు బండి దగ్గర నిలబడి ఫోటోలు దిగుతారయ్యా. స్టిక్కరని కనిపెడితే?" అని బసవపున్నయ్య.

"కనిపెట్టలేరండీ. అంచులు గట్టిగా అదిమాను. గురువుగారికి మాత్రం తెలియనివ్వకండి. మీకు దణ్ణం పెడతాను."

నా చెవులతో విన్నాను. ఇంకేం కావాలి?

ఆగస్టు 20

ఫిలోమినా కొబ్బరి లౌజు పంపింది. ముట్టుకోలేదు. ఎందుకు పంపినట్టు?

ఆగస్టు 23, మంగళవారం

రేపు లీలాకుమారి కంబైన్స్ కొత్త సినిమా ఓపెనింగ్. జూబిలీహిల్స్ ఆఫీసు ఆవరణలో. నాకూ పిలుపు వచ్చింది. నలుగురిలో తేలుస్తాను. అరవను, తిట్టను. ఆ పట్టీ మూల పట్టుకుని లాగుతాను, అంతే. కింద నా రాత ఉంటుంది. అది చూస్తే చాలు, ఎవరిదేమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆగస్టు 24, బుధవారం

రాయాలి. ఎంత కష్టమైనా ఇవాళే రాయాలి.

పందిరి, బ్యాండు, పూలదండలు. వ్యానుకు కూడా దండ వేశారు. ఆదినారాయణగారు నన్ను చూసి "రండి గురువుగారూ, మీ చేతి చలవే అంతా" అన్నారు. ఆ మాటతో నాకు ఇంకా ధైర్యం వచ్చింది. జోజి బండి వెనక చక్రం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను అటే వెళ్తుంటే వాడి మొహం పాలిపోయింది. "గురువుగారూ, వద్దు" అన్నాడు మెల్లగా. చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకున్నాను.

"అయ్యా, నా రాత మీద ఎవరు ముసుగేశారో అందరూ చూడండి" అని మూలకు గోరు పెట్టి లాగాను. ఎండకు కాగి ఉందేమో, పట్టీ మొత్తం ఒకే ఊపులో చర్రుమని వచ్చేసింది.

కింద పేరు ఉంది.

నీళ్లలో నీడలాగా ఉంది. లీ గుడిదీర్ఘం మెట్లు మెట్లుగా దిగింది. కు కొమ్ము వణికి వణికి పక్క అక్షరంలోకి పోయింది. కంబైన్స్ దగ్గరికి వచ్చేసరికి వరస మొత్తం కిందికి జారిపోయింది. బడిలో మొదటిరోజు పలక మీద కూడా ఎవరూ అలా రాయరు. ఎవరో పక్కున నవ్వారు. బ్యాండు ఆగిపోయింది.

ఆ రాత నాదని నాకు తెలుసు. సున్నాకు చివర కుంచె పైకి లాగి వదలడం నాకు తప్ప ఎవరికీ లేదు.

ఆదినారాయణగారు ఎర్రబడిపోయి, "ఏవిటిది? ఎవరు రాశారిది?" అని అరిచారు.

"నేనేనండీ" అన్నాడు జోజి. "ఆరోజు గురువుగారికి ఒంట్లో బాగాలేకపోతే నేను రాశాను. వంకర పోయింది. కొబ్బరికాయ కొట్టేశారు కాబట్టి గీకడానికి లేదు. మీ పట్టింపు పోకూడదని పేరు అలాగే ఉంచి పైన స్టిక్కర్ వేశాను. తప్పు నాదే. గురువుగారికేమీ తెలియదు."

"పందొమ్మిదేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదేనా? ఇక మా బళ్ల మీద నీ చెయ్యి పడకూడదు. ఫో ఇక్కణ్ణుంచి" అన్నారాయన. వాడు తల వంచుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. బసవపున్నయ్య నాకేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

నేను నిజం చెప్పబోయాను. ఇంతలో మళ్లీ బ్యాండు మొదలైంది.

ఆగస్టు 25

నిన్నటి చివరి మాట అబద్ధం. చెప్పబోలేదు. నోరు మూసుకుని నిలబడ్డాను. ఆదినారాయణగారు ఇచ్చిన ప్రసాదం కూడా తిన్నాను.

ఆగస్టు 26, శుక్రవారం

ఆదినారాయణగారు మూడు బళ్లు పంపించారు. వాటి మీద పేర్లు నేనే, నా కుంచెతోనే రాయాలట. డ్రైవర్లు ఎదురుచూస్తూ వీరయ్య కొట్టు దగ్గర కూర్చున్నారు.

ఇంజన్లు ఆపించాను. తాళాలు తెచ్చి నా చేతికిమ్మన్నాను. బండి చక్రాల కింద రాళ్లు పెట్టించాను. కొత్త కుంచె తీశాను. ఇక ఏ వంకా లేదు. పాత రేకు ముక్క ఒకటి తీసుకుని దాని మీద ఒక్క 'ల' రాద్దామని కూర్చున్నాను. కుంచె మొన రేకుకు ఆనకముందే వణుకుతోంది. ఎడం చేత్తో కుడి చెయ్యి పట్టుకున్నాను. రెండూ వణికాయి.

మార్చి నుంచీ ఇంతే. ఆ సంగతి ఈ పుస్తకంలో కూడా ఇన్నాళ్లూ రాయలేదు. నా చెయ్యి పోయింది. జోజి నా వణుకు దాచిపెడుతుంటే, వాడు నా షాపు లాక్కుంటున్నాడని పేజీలు నింపాను. ఛీ.

డ్రైవర్లను రేపు రమ్మని పంపేశాను.

ఆగస్టు 27, శనివారం

పొద్దున్నే ఆదినారాయణగారింటికి వెళ్లాను. టిఫిన్ దగ్గర ఉన్నారు. కుడి చెయ్యి చాచి ఆయన ముందు పెట్టాను. "చూడండి. ఆ రాత నాది. జోజి కాదు. వాడు నా పరువు కప్పాడు, నేను నలుగురిలో ఊడబీకాను" అన్నాను. ఆయన చాలాసేపు చేతిని చూశారు. "మొన్నే చెప్పాల్సిందండీ" అన్నారు. ఆ ఒక్క మాటా ఇంకా గుచ్చుకుంటోంది.

అక్కణ్ణుంచి షేక్‌పేటలో జోజి ఇంటికి. ఫిలోమినా తలుపు తీసింది. ఎప్పుడూ "రండి అన్నయ్యగారూ" అంటుంది. ఇవాళ అనలేదు.

"లోపలున్నారు. మీతో ఏమీ అనొద్దన్నారు. కానీ అంటాను" అంది గుమ్మంలోనే నిలబడి. "ఏప్రిల్లో మీరు రాసిన బోర్డు చూసి ఇంటికొచ్చి ఏడ్చారండీ ఈయన. కుంచె లేకపోతే గురువుగారి షాపు మూతపడుతుంది, ఇంకో విద్య తేవాలి అని మా శౌరి తమ్ముడి దగ్గరికి వెళ్లారు. స్టిక్కరంటే మీకు ఒళ్లుమంట కదా, అందుకే కూటం అని అబద్ధం చెప్పారు. మొన్నటి నుంచి అన్నం సరిగా తినడం లేదు."

జోజి లోపలి నుంచి వచ్చి "నువ్వూరుకో ఫిలోమినా" అన్నాడు. నేను వాడి కాళ్ల మీద పడదామనుకున్నాను. వయసు అడ్డమొచ్చింది, వాడు కూడా పడనివ్వడు. "జోజీ, తప్పయిపోయిందిరా" అన్నాను. అంతే అనగలిగాను. వాడు స్టూలు తెచ్చి నా వెనక వేశాడు.

ఆగస్టు 30, మంగళవారం

ఆదినారాయణగారు ఒప్పుకున్నారు. నీలం వ్యాను మీద నేను రాసిన పేరు అలాగే ఉంచి, పైన మళ్లీ పట్టీ వేశాం. మిగతా మూడు బళ్లకూ స్టిక్కరే.

నేను కుర్చీలో కూర్చుని చెబుతున్నాను. "ల కడుపు ఇంకొంచెం నిండుగా కొయ్యి. మూల తేలకూడదు." వాడు కోస్తున్నాడు. సబ్బునీళ్లు చల్లే పని నాకిచ్చాడు. దానికి చెయ్యి వణికినా నష్టం లేదు, ఇంకా బాగా పడతాయి నీళ్లు. ఆ మాట నేనే అన్నాను. వాడు నవ్వాలో వద్దో తెలియక నాకేసి చూశాడు. నవ్వరా అన్నాను.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి గంటన్నర పట్టింది.

సెప్టెంబరు 1, గురువారం

ఈ దస్తూరీ నాది కాదు. నేను చెబుతుంటే జోజి రాస్తున్నాడు. షాపులోనే.

డాక్టరు చూశాడు. మందులిచ్చాడు. కుంచె సంగతి అడిగితే ఆయన శేషారత్నానికేసి చూశాడు. ఇక పెన్ను కూడా వద్దనుకున్నాను. కానీ రోజూ రాసే అలవాటు పోవడం లేదు. అందుకని పొద్దున ఈ డైరీ తెచ్చి వీడి చేతికిచ్చాను. వెనక పేజీలు చదవొద్దురా అని ఒట్టు పెట్టించుకుని, వీరయ్య దగ్గరికి వెళ్లి కావాలనే ఆలస్యంగా వచ్చాను. వచ్చేసరికి వీడు బల్ల మీద పుస్తకం మూసిపెట్టి కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ పేజీలన్నీ చింపెయ్యరా జోజీ. నిన్ను దొంగను చేసి రాశాను" అన్నాను.

"చింపను గురువుగారూ. మీ చేత్తో రాసినవి ఇవే ఆఖరు" అన్నాడు.

ఈ మాట కూడా రాయమన్నాను. కాసేపు ఆగి రాశాడు.